జెగ్గింగ్స్ అనే మాట ఎలా పుట్టింది?

నల్గొండ బట్టల దుకాణంలో ‘జెగ్గింగ్స్’ అడగండి, ఇస్తారు. తలకాయ జీన్స్‌ది, ఒళ్లు లెగ్గింగ్స్‌ది! మన సంధి ఇలా కోయదు. పానగల్ ఛాయా సోమేశ్వరాలయం పేరే చూడండి: సోమ, ఈశ్వర, ఆలయం. కలిసేచోట అచ్చులు మారాయంతే.

ఈ కోసి అతికించే మాటలను 1871లో ఇంగ్లిష్ రచయిత లూయిస్ కరోల్ రెండు అరల పెట్టెతో పోల్చాడు. వ్యాపారులు వాటిని వదులుతారా? 1925లో కాలిఫోర్నియాలో ఒకాయన తన బసకు ‘మోటార్ హోటల్’ అని పెడదామంటే బోర్డు మీద పట్టలేదట. ‘మోటెల్’ అన్నాడు. 2008లో గ్రూప్, కూపన్ కలిసి ‘గ్రూపాన్’ కంపెనీ అయింది.

ఎందుకిలా? చోటు కలిసొస్తుంది. పైగా మాటను మనమే విప్పుకుంటాం కాబట్టి గుర్తుంటుంది. మరీ ఎక్కువ కోస్తే మాత్రం దుకాణదారే పక్కన నిలబడి అర్థం చెప్పాలి!