సుగిహార రాసిన వీసాలు



ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం ఇంకో రాష్ట్రంలో ఉన్నవారికి కాగితం విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఒక్క ముద్ర తక్కువైతే ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరగాలో మీకు తెలుసు. మనకైతే పని ఆగుతుంది, అంతే. 1940లో ఐరోపాలోని యూదులకు ఆ ముద్ర లేకపోతే ప్రాణమే పోయే రోజులు దాపురించాయి. ఆ రోజుల్లో వేలమందికి ముద్ర వేసి ఇచ్చిన ఒక జపాన్ ఉద్యోగి గురించి ఈ పూట చెప్పుకుందాం.

ఆయన పేరు చియునే సుగిహార. లిథువేనియా దేశంలోని కౌనస్ నగరంలో జపాన్ వైస్ కాన్సల్. 1939లో హిట్లర్ సేనలు పోలండ్ మీద పడగానే, అక్కడి యూదులు చాలామంది ప్రాణాలు అరచేత పట్టుకుని లిథువేనియా చేరారు. 1940 జూన్‌లో ఆ దేశాన్ని సోవియట్ సేనలు ఆక్రమించాయి. విదేశీ కాన్సులేట్లన్నీ మూసేయమన్నారు. పడమటికి వెళ్తే జర్మన్లు. మిగిలిన దారి తూర్పు ఒక్కటే: సైబీరియా మీదుగా రైలు, అక్కడినుంచి ఓడలో జపాన్.

ఆ దారి ఎలా తెరుచుకుందో వినండి. జపాన్ గుండా పోవాలంటే, చివరికి ఏ దేశం చేరతారో చూపాలి. అప్పుడు కౌనస్‌లో డచ్చివారి తరఫున కాన్సల్‌గా ఉన్న యాన్ జ్వార్టెన్‌డైక్ ముందుకొచ్చారు. ఆయన అసలు ఉద్యోగం మన ఇళ్ళలోనూ పాడిన ఫిలిప్స్ రేడియోల కంపెనీలో. దక్షిణ అమెరికా దగ్గరున్న కురసావ్ అనే డచ్చి దీవికి వీసా అక్కర్లేదని ఆయన రాసిచ్చారు. దిగడానికి అక్కడి గవర్నరు అనుమతి కావాలన్న మాట మాత్రం రాయకుండా వదిలేశారు. ఆ కాగితం పట్టుకుని జనం సుగిహార గుమ్మం ముందు నిలబడ్డారు.

సుగిహార మొదట పద్ధతి ప్రకారమే టోక్యోను అడిగారు. మూడుసార్లు అడిగారు. మూడుసార్లూ కూడదనే జవాబు వచ్చింది. భార్య యుకికోతో ఆలోచించి, తానే నిర్ణయం తీసుకున్నారు. జూలై చివరినుంచి ఆగస్టు నెలంతా పొద్దస్తమానం చేత్తో వీసాలు రాశారు. కాన్సులేటు మూశాక హోటల్లో రాశారు, చివరికి రైల్వే స్టేషన్లోనూ రాశారు. ఆయన పంపిన జాబితాలో రెండువేల నూటికి పైగా పేర్లున్నాయి. ఒక్కో వీసా మీద తల్లీబిడ్డలు కూడా వెళ్ళారు కనుక, బయటపడ్డవారు అంతకన్నా ఎక్కువే.

1941 జూన్‌లో జర్మన్లు లిథువేనియాలో అడుగుపెట్టారు. ఆ దేశపు యూదుల్లో పదింట తొమ్మిది మందికి పైగా యుద్ధం ముగిసేలోగా హతమయ్యారు. ఆ వీసాల వెల ఎంతో దీన్నిబట్టి మీరే ఊహించుకోండి.

యుద్ధం తర్వాత, 1947లో స్వదేశం చేరిన సుగిహారకు విదేశాంగ శాఖలో ఉద్యోగం పోయింది. చిన్నా చితకా పనులు చేసి సంసారం ఈదారు. తాను రాసిన కాగితాలు ఎవరినైనా గట్టెక్కించాయో లేదో చాలాకాలం ఆయనకు తెలియదు. 1968లో, ఆ వీసాతో బతికి బయటపడిన ఒకాయన వెతుక్కుంటూ వచ్చి కలిశారు. 1984లో ఇజ్రాయెల్‌లోని యాద్ వషెమ్ సంస్థ ఆయనను గౌరవించింది. 1986లో ఆయన కన్నుమూశారు. జ్వార్టెన్‌డైక్‌కు అదే గౌరవం 1997లో దక్కింది. అప్పటికి ఆయన పోయి ఇరవై ఒక్క ఏళ్ళు.

వీరిద్దరి చేతుల్లో సైన్యం లేదు, ధనం లేదు. ఉన్నది ఒక కలం, ఒక ముద్ర. అలాంటి కలం మనలో ఎంతోమంది చేతుల్లో ఉంది. గుమ్మం ముందు నిలబడ్డ మనిషిని తలెత్తి చూసి రాస్తున్నామా, చూడకుండా రాస్తున్నామా అన్నదే ప్రశ్న.