ఇంధన కొరత వేళ విశ్వాసి బాధ్యత

సర్వస్తోత్రాలూ అల్లాహ్‌కే. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (స) పైన, వారి కుటుంబం పైన, సహచరుల పైన శాంతి, శుభాలు కురియుగాక!

2024 జనవరి 2న హైదరాబాద్ పెట్రోలు బంకుల వద్ద కనిపించిన దృశ్యం మనకు జ్ఞాపకమే. ప్రమాదం చేసి పారిపోయేవారికి పదేళ్ల వరకు జైలు విధించే భారతీయ న్యాయ సంహిత నిబంధనను నిరసిస్తూ లారీ, ట్యాంకర్ల డ్రైవర్లు విధులు మానారు. ట్యాంకర్లు రావన్న వార్త వ్యాపించగానే జనం బారులు తీరారు. ఎన్నో బంకులు ‘స్టాకు లేదు’ అన్నాయి. ఆ రాత్రే ఢిల్లీ చర్చలు ఫలించి, డ్రైవర్లు విధుల్లో చేరాలని రవాణాదారుల సంఘం కోరింది. ఆటంకం స్వల్పమే, దానిని పెంచినది మన భయం.

అదెలాగో ఆలోచించండి. రోజూ వెయ్యి మోటారు సైకిళ్లు ఒక్కో లీటరు పోయించుకునే బంకు ఒకటి ఉందనుకుందాం. అందరూ ఒకేనాడు ఎనిమిదేసి లీటర్లు కోరితే ఎనిమిది రోజుల నిల్వ ఒక్క పూటలో హరించుకుపోతుంది. అవసరమున్నవాడు వట్టి చేతులతో మరలుతాడు.

మన గుంటూరు, ప్రకాశం మైదానాల్లో జనవరి అంటే మిరప కోతలు, పత్తి తీతలు సాగే కాలం. ఆటో కదలకుంటే కూలి చేసుకునే తల్లికి ఆనాటి కూలి లేదు. వాహనం రాకుంటే రైతు టిక్కీలు యార్డు చేరవు.

“ఇంట్లో డ్రమ్ము నింపుకుంటే పాపమా, హజ్రత్?” అని అడుగుతారు. ఇంటివారి కోసం దాచుకోవడం దోషం కాదు. ప్రవక్త (స) తమ కుటుంబానికి ఏడాది గ్రాసం ఉంచేవారని హదీసులు తెలుపుతున్నాయి. అయితే ప్రజలకు కొరత ఏర్పడినప్పుడు సరుకును బిగబట్టడం ‘ఇహ్తికార్’. దానిని ఆయన పాపంగా పరిగణించారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) దీనిని ఆహారానికీ, పశుగ్రాసానికీ పరిమితం చేశారు. ఆయన శిష్యులు ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) మాత్రం, దేనిని బిగబట్టితే ప్రజలకు హాని కలుగుతుందో అదంతా ఇహ్తికారేనన్నారు. ఈ సూత్రం ప్రకారం, కొరత రోజున అమ్మకానికి దాచిన పెట్రోలు సీసా కూడా అందులోకే వస్తుంది. పైగా పొయ్యి ఉన్న ఇంట్లో పెట్రోలు నిల్వ చేయడం బిడ్డల ప్రాణాలతో చెలగాటమే.

దీనికి భిన్నమైన ఆదర్శం అష్అరీ తెగవారిది. ఆహారం తరిగినప్పుడు వారు ఉన్నదంతా ఒకే వస్త్రంలో పోసి, ఒకే కొలతతో సమంగా పంచుకునేవారు. ప్రవక్త (స) వారిని తమవారిగా చెప్పుకున్నారు.

కనుక మనం మూడు విషయాలు పాటిద్దాం. ఫోనులో వచ్చిన వార్తను నిర్ధారించుకోకుండా పంపవద్దు. సూరా హుజురాత్ బోధ అదే. రోజూ పోయించుకునేంతే పోయించుకుందాం. మన బండిలో చోటుంటే పొరుగువారిని, వారు ఏ మతస్థులైనా, వెంట తీసుకువెళదాం.

ఉపాధి ప్రదాత అల్లాహ్ మాత్రమే. ఆయన మన హృదయాల నుండి దురాశను, భయాన్ని తొలగించుగాక! ఆమీన్.