పురుగుల మందుకు తాళం ఎందుకు?

పాలకుర్తి నుంచి బమ్మెర వైపు వెళ్తుంటే పత్తి చేలు కనబడతాయి. పత్తి ఉన్నచోట పురుగుల మందూ ఉంటుంది. చల్లగా మిగిలిన డబ్బాను మీ ఇంట్లో ఎక్కడ పెడతారో ఒకసారి గమనించండి. దూలం సందులోనా? బియ్యం బస్తాల వెనకా?

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తికి పురుగు పట్టింది, అప్పులు మీద పడ్డాయి. ఎందరో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. అప్పు, పంట నష్టం, చెప్పుకునే దిక్కు లేకపోవడం అన్నీ కలిసి మనిషిని కుంగదీస్తాయి. ఏదో ఒక్కదాన్ని కారణమనలేం. అయితే, చనిపోవాలన్న ఆవేశం చాలామందిలో కొద్దిసేపే తీవ్రంగా ఉంటుందని వైద్యులు గమనించారు. ఆ గడియలో ప్రమాదకరమైన వస్తువు చేతికందకపోతే, పక్కన మాట్లాడే మనిషి ఉంటే, ఆపద దాటుతుంది. అలా దాటినవారిలో ఎక్కువమంది ఆ తరువాత బతుకుతూనే ఉంటారు.

ఇది నిజమేనా? శ్రీలంకను చూడండి. 1995 నుంచి ఆ దేశం అతి విషపూరితమైన మందులను ఒక్కొక్కటిగా అంగడి నుంచి తొలగించింది. 2015 నాటికి అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. దాదాపు 93,000 మంది బతికారని పరిశోధకుల అంచనా. మరి పంట తగ్గిందా? తగ్గలేదు.

మన పొరుగున తమిళనాడులో, చెన్నైకి చెందిన స్నేహ సంస్థ కడలూరు జిల్లా పల్లెల్లో బ్యాంకు లాకర్లవంటి అరలతో ఉమ్మడి గదులు కట్టించింది. మందు ఇంట్లో ఉండదు, ఆ గదిలో ఉంటుంది. అక్కడ మంచి ఫలితమే వచ్చింది. కాని శ్రీలంకలో 180 పల్లెల్లో జరిపిన పెద్ద పరీక్షలో ఇంటింటికీ తాళం పెట్టెలు పంచితే చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఈ సంగతి 2017లో వెల్లడైంది. తాళంచెవి ఆ ఇంట్లోనే ఉంటుంది కదా! చిన్నపిల్లల చేతికి డబ్బా చిక్కకుండా ఉండేందుకు తాళం వేయవలసిందే. కాని నా ఉద్దేశంలో దాన్నొక్కదాన్నే నమ్ముకోరాదు.

రెండో సాధనం మాట. దిగులుగా ఉన్న మనిషిని "చనిపోవాలనిపిస్తోందా?" అని అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని పెద్దలు భయపడతారు. పరిశోధనల్లో అలా తేలలేదు. స్నేహితుడు అలాంటి మాట చెప్పి ఎవరితో అనవద్దని ఒట్టు వేయించుకున్నా సరే, అమ్మకో, సారుకో వెంటనే చెప్పండి. మీకే అలా అనిపించినా అంతే. టెలి మానస్ సంఖ్య 14416. 2022 అక్టోబరు 10న మొదలైంది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, తెలుగులోనే మాట్లాడవచ్చు.