ఎనిమిది నొక్కితే పైకి

కీబోర్డు కుడి చివరన ఉండే అంకెల్లో 5 మీద వేలు పెట్టి చూడండి. చిన్న బొడిపె తగులుతుంది. కళ్లతో వెతక్కుండానే వేలికి చోటు తెలియడానికి పెట్టిన గుర్తు అది. ఆ 5 అవసరమైతే మౌస్ బటన్‌గా కూడా పనిచేస్తుంది. చుట్టూ ఉన్న ఎనిమిది అంకెలూ ఎనిమిది దిక్కులు.

ఈ ఏర్పాటు పేరు మౌస్ కీస్. విండోస్‌లో ఎడమవైపు ఆల్ట్, షిఫ్ట్ రెండూ పట్టుకుని నమ్ లాక్ నొక్కితే, ఆన్ చేయాలా అని అడుగుతుంది. సరేనంటే చాలు. 8 నొక్కితే తెర మీది మౌస్ బాణం పైకి, 2కి కిందికి, 4కి ఎడమకు, 6కి కుడికి వెళుతుంది. 5 క్లిక్. సున్నా నొక్కితే వస్తువును పట్టుకున్నట్టు, చుక్క నొక్కితే వదిలేసినట్టు. తట్టి వదిలితే బాణం కొంచెమే జరుగుతుంది, అదిమి పట్టుకుంటే వేగం పుంజుకుంటుంది.

నిజానికి తెరమీద కదలడమనే పని ముందు మీటలదే. 1976లో బర్క్‌లీ విద్యార్థి బిల్ జాయ్ ‘వీఐ’ టెక్స్ట్ ఎడిటర్ రాసుకున్న ఏడీఎం-3ఏ టెర్మినల్‌కు మౌస్ లేదు, విడిగా బాణం మీటలూ లేవు. హెచ్, జె, కె, ఎల్ అక్షరాల మీదే బాణాలు అచ్చువేసి ఉండేవి. వీఐ వాడేవాళ్లలో చాలామంది ఈనాటికీ ఆ నాలుగింటితోనే కదులుతారు. 1984లో మెకింటాష్ వచ్చేసరికి లెక్క తిరగబడింది. జనం మౌస్‌కు అలవాటు పడాలని ఆపిల్ కీబోర్డులో బాణం మీటలే పెట్టలేదు. రెండేళ్ల తర్వాత మెకింటాష్ ప్లస్‌తో అవి తిరిగొచ్చాయి.

మౌస్‌ను అయితే గుప్పిట పట్టాలి, జరపాలి, కదలకుండా ఆపి నొక్కాలి. మెడ కింది భాగం చచ్చుబడి, నోట కర్రతో ఒక్కో మీటా నొక్కుకునే మనిషికి అది ఎలా సాధ్యం? విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలోని ట్రేస్ సెంటర్‌లో గ్రెగ్ వాండర్‌హైడెన్ బృందం పట్టుకున్న సమస్య ఇదే. షిఫ్ట్‌ను ముందు నొక్కి వదిలి, తర్వాత అక్షరం నొక్కే స్టిక్కీ కీస్, దానికి తోడుగా మౌస్ కీస్ వాళ్ల కృషితో రూపుదిద్దుకున్నాయి. 1980లలోనే మెకింటాష్‌లో చేరాయి. విండోస్ 95లో భాగంగానే వచ్చేశాయి, అదనంగా కొనే పని లేకుండా.

వేగంలో మౌస్‌దే పైచేయి, ఒప్పుకోవాలి. కానీ వేగం ఒక్కటే చూస్తే కొందరికి అన్యాయం జరుగుతుంది. మా మేనమామకు చేతి వణుకు. మౌస్ పట్టుకుంటే బాణం తెరంతా తిరిగేది, గురి కుదిరి నొక్కేలోపు పక్కకు జారేది. విసిగిపోయి కంప్యూటర్ జోలికే వెళ్లడం మానేశారు. ఒకరోజు మౌస్ తీసి పక్కన పెట్టి, ఆయన వేలిని 5 మీది బొడిపెకు ఆనించాను. “ఇదా?” అన్నారు. 8 నాలుగుసార్లు, 6 రెండుసార్లు. బాణం ఆగినచోటే ఆగింది. వేలు వణుకుతూనే ఉంది, బాణం మాత్రం కదల్లేదు. ఆ రోజు మనవరాలి పెళ్లి ఫొటోలన్నీ ఆయనే తెరిచి చూసుకున్నారు.

ఒక్క చిక్కుంది. చిన్న ల్యాప్‌టాప్‌లకు అంకెల మీటలు విడిగా ఉండవు. విండోస్ వాడేవాళ్లు యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ ఒకటి తగిలించుకుంటే సరిపోతుంది. మ్యాక్‌లో అయితే పై వరసలోని 7, 8, 9 అంకెలు, యు, ఐ, ఓ, జె, కె, ఎల్ వంటి అక్షరాలే ఆ పని చేస్తాయి.

మీ ఇంట్లో వేళ్లు సహకరించని పెద్దవాళ్లుంటే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ తెరిచి దీన్ని ఆన్ చేయండి. పక్కన కూర్చుని, 5 ఎక్కడుందో వాళ్ల వేలికి చూపించండి.