అయితే మొత్తం లెక్కలు, లేదంటే సున్నా

పదో తరగతి ఫలితాలు వచ్చాక నెల్లూరు జిల్లా సంగంలోనైనా, ఆత్మకూరులోనైనా, ఉదయగిరిలోనైనా ఇళ్లలో వినిపించే ప్రశ్న ఒక్కటే: ఏ గ్రూపు? విడదీసి చూస్తే ఆ ప్రశ్నలో సగానికి పైగా లెక్కల గురించే. ఎంపీసీ, ఎంఈసీ అంటే లెక్కలు ఉన్నట్టు. బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ అంటే లేనట్టు. నడుమ ఇంకేమీ లేదు. మార్చిలో అందరితో పాటు ఒకే వంద మార్కుల లెక్కల పేపరు రాసిన పిల్లలు జూన్ వచ్చేసరికి రెండుగా చీలిపోతారు. ఒకరికి రోజులో ఎక్కువ భాగం లెక్కలే, మరొకరికి ఇక లెక్కల పీరియడే ఉండదు. మన పొరుగు రాష్ట్రాల్లో కొన్నింట, చాలా దేశాల్లో ఈ వయసు పిల్లల ముందుండే ప్రశ్న ఎంత గణితం, ఎలాంటి గణితం అన్నది. మన దగ్గర అది ఉందా లేదా అన్న దగ్గరే ఆగిపోయింది. ఇంటర్లో రెండో రకం గణితం ఒకటి ఉండాలని, అది లేకపోవడం వల్ల ఎంపీసీలో చేరినవాళ్లూ, చేరనివాళ్లూ ఇద్దరూ నష్టపోతున్నారని నా వాదన.

ఎంపీసీ గణితం ఎంత బరువో ముందు చూద్దాం. చాలా ఏళ్ల పాటు అది ఏడాదికి రెండు పేపర్లుగా ఉండేది. మొదటి ఏడాది వన్ ఏ, వన్ బీ. రెండో ఏడాది టూ ఏ, టూ బీ. ఒక్కోటి 75 మార్కులు, పాస్ కావడానికి 26. ప్రమేయాలు, మాత్రికలు, సదిశలు, త్రికోణమితి వన్ ఏలో. సరళరేఖలు, అవధులు, అవకలనం వన్ బీలో. సంకీర్ణ సంఖ్యలు, ద్విపద సిద్ధాంతం, సంభావ్యత టూ ఏలో. వృత్తాలు, శాంకవాలు, సమాకలనం టూ బీలో. ఇది ఇంజినీరు కాబోయేవాళ్ల కోసం పేర్చిన వరస. అందులో తప్పు లేదు. చిక్కల్లా ఎంఈసీలో చేరిన కామర్స్ విద్యార్థికి కూడా ఇదే పుస్తకం, ఇదే పేపరు కావడం. బ్యాంకు ఉద్యోగమో, చార్టర్డ్ అకౌంటెన్సీయో కోరుకునే పిల్ల అతిపరావలయం సమీకరణం కడుతూ కూర్చుంటుంది. వడ్డీ, వాయిదా, సూచీ సంఖ్య గురించి ఆ లెక్కల పీరియడులో ఒక్క మాటా వినదు. ఆంధ్రప్రదేశ్‌లో 2025-26 నుంచి మొదటి ఏడాది ఎన్‌సీఈఆర్‌టీ సిలబస్ వచ్చింది, ఏ, బీ పేపర్లు కలిసి వంద మార్కుల ఒకే పేపరు అయ్యాయి. సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత మొదటి ఏడాదిలోకే రావడం మంచి మార్పు. అయితే పేపర్లు కలిసినంత మాత్రాన స్థాయిలు పుట్టవు. ఇప్పటికీ ఉన్నది ఒకే గణితం, తీసుకుంటే మొత్తం తీసుకోవాలి.

ఇది ఎప్పుడూ ఇలాగే లేదు. ఇప్పుడు అరవై దాటినవాళ్లను అడిగితే ఎస్సెస్సీలో కాంపోజిట్ మాథ్స్, జనరల్ మాథ్స్ అని రెండు ఉండేవని చెబుతారు. కాంపోజిట్ బరువైనది, జనరల్ తేలికైనది. ప్రీ యూనివర్సిటీ కోర్సు పోయి 1969-70లో రెండేళ్ల ఇంటర్ మొదలైంది, 1971లో దానికొక బోర్డు ఏర్పడింది. పదో తరగతి గణితం తర్వాతి కాలంలో అందరికీ ఒకటే అయింది. ఆ సమానత్వం మేలైనదే. కానీ పదిలో తీసేసిన ఎంపికను ఇంటర్లో పెట్టాలన్న ఆలోచన రాలేదు. ఈలోగా ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అంతటినీ తనవైపు లాక్కుంది. ఈరోజు ఈఏపీసెట్ ఇంజినీరింగ్ పేపరులో 160 ప్రశ్నలుంటే 80 లెక్కలవే. దేశమంతా శాఖలున్న నారాయణ విద్యాసంస్థలకు మూలం 1979లో నెల్లూరులో పెట్టిన చిన్న లెక్కల ట్యూషన్ కేంద్రమని గుర్తుచేసుకుంటే, ఈ జిల్లాలో లెక్కలకు ఎంత గిరాకీ ఉండేదో తెలుస్తుంది. ఆ గిరాకీ అంతా ఒకే రకం గణితానికి, ఒకే రకం పరీక్షకు.

లెక్కలు వదిలించుకున్నామనుకునేవాళ్ల సంగతి ఇంకా ఆసక్తికరం. లెక్కలంటే భయపడి బైపీసీలో చేరిన పిల్లకు ఫిజిక్స్ పుస్తకం మాత్రం ఎంపీసీ వాళ్లదే. అందులో సదిశలు ఉంటాయి, తక్షణ వేగం దగ్గర అవకలనం ఉంటుంది, త్రికోణమితి అడుగడుగునా తగులుతుంది. పక్క గదిలో లెక్కల లెక్చరర్ నెల రోజులు చెప్పేదాన్ని ఇక్కడ ఫిజిక్స్ లెక్చరర్ ఒక గంటలో దాటించాలి. నీట్‌లో 720 మార్కులకు 180 ఫిజిక్స్‌వే. వైద్యసీటు చాలామందికి రాదు. అప్పుడు ఫార్మసీకో, వ్యవసాయ డిగ్రీకో వెళతారు. బీఫార్మసీ మొదటి సెమిస్టర్‌లో, ఇంటర్లో గణితం చదవని వాళ్ల కోసం రెమెడియల్ మాథమాటిక్స్ అని ఒక సబ్జెక్టు ఉంది. వ్యవసాయ డిగ్రీకి భారత వ్యవసాయ పరిశోధన మండలి ఇచ్చిన పాఠ్యప్రణాళికలో గణాంకాల కోర్సు ఉంది. అంటే ఈ పిల్లలకు కొంత గణితం కావాలని విశ్వవిద్యాలయాలు ఒప్పుకున్నాయి. కాకపోతే రెండేళ్లు మరిచిపోనిచ్చాక, ఒక సెమిస్టర్‌లో హడావిడిగా నేర్పుతున్నాయి. సీఈసీ చదివి సీఏ వైపు వెళ్లేవాళ్లదీ ఇదే కథ. ఫౌండేషన్ పరీక్షలో వంద మార్కుల క్వాంటిటేటివ్ ఆప్టిట్యూడ్ పేపరు ఉంటుంది. అందులో వాణిజ్య గణితం, తార్కిక ప్రశ్నలు, గణాంకాలు. ఏ గ్రూపువాళ్లైనా రాయొచ్చు, నిజమే. రాయగలిగేలా తయారుచేసే పని మాత్రం కోచింగ్ ఫీజు కట్టగలిగినవాళ్లకే దక్కుతోంది.

రెండో రకం గణితం ఎలా ఉండాలో ఊహించుకోవడానికి దూరం పోనక్కర్లేదు. తమిళనాడు హయ్యర్ సెకండరీలో గణితంతో పాటు వాణిజ్య గణితం, గణాంకాలు అన్న వేరే సబ్జెక్టు ఉంది. కర్ణాటక పీయూసీలో కామర్స్ పిల్లలకు బేసిక్ మాథ్స్ ఉంది. కాబట్టి చెన్నైలోనో, బళ్లారిలోనో చదివే తెలుగు పిల్లలకు దొరికే ఎంపిక సంగం పిల్లలకు దొరకదు. సీబీఎస్‌ఈ 2020 నుంచి పదో తరగతిలో స్టాండర్డ్, బేసిక్ అని రెండు గణిత పరీక్షలు పెట్టింది. 2020-21 నుంచి పదకొండులో అప్లైడ్ మాథమాటిక్స్ తెచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా సబ్జెక్టులను రెండు స్థాయిల్లో ఇవ్వవచ్చని, అది గణితంతో మొదలవాలని చెప్పింది. ఫిన్లాండ్‌లో పొడవు గణితం, పొట్టి గణితం అన్న రెండు కోర్సులు ఎప్పటినుంచో ఉన్నాయి. ఇక్కడికి సరిపోయే అంశాలూ కళ్లముందే ఉన్నాయి. ఊళ్లో నెలకు నూటికి రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. నెలనెలా చక్రవడ్డీ వేస్తే దాదాపు 26.8 శాతం. బ్యాంకు పంట రుణంతో దాన్ని పోల్చి చూడటం ఘాతాంకాల పాఠం. సోమశిల నుంచి రోజంతా 11,574 క్యూసెక్కులు వదిలితే ఒక టీఎంసీ పోతుంది. 78 టీఎంసీల జలాశయంలో నీరు ఎన్ని రోజులకు వస్తుందో, సంగం బ్యారేజీ దగ్గర ఎంత మిగులుతుందో లెక్కగట్టడం రేటు మార్పు పాఠం, అంటే కలనగణితానికి గడప. వర్షపాతం సగటు ఒకటే అయినా ఉదయగిరి మెట్టలో పంట ఎందుకు ఎండుతుందో చెప్పేది విస్తరణ కొలత. ఇవేవీ తేలిక పాఠాలు కావు. తేలిక గణితం అడగడం లేదు ఇక్కడ, వేరే గణితం అడుగుతున్నాం.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో ఒకటి చాలా బలమైనది. రెండు రకాలు పెడితే చిన్నది పల్లెపిల్లల వాటా అవుతుంది. ఉదయగిరి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో చిన్న గణితం, నెల్లూరు కార్పొరేట్ కాలేజీలో పెద్ద గణితం మిగులుతాయి అని. ఇది ఊరికే పుట్టిన భయం కాదు. దక్షిణాఫ్రికాలో 2006 నుంచి గణితంతో పాటు మాథమాటికల్ లిటరసీ అన్న సబ్జెక్టు పెట్టారు; ప్రతి విద్యార్థీ రెండింటిలో ఒకటి చదవాలన్నారు. ఉత్తీర్ణత శాతం కోసం బడులు పిల్లల్ని చిన్నదాంట్లోకి తోస్తున్నాయన్న విమర్శ అక్కడ ఇప్పటికీ ఉంది. అయితే ఎంపికను తీసేస్తే సమానత్వం వస్తుందన్నదీ నిజం కాదని ఇంకో ఊరు చూపించింది. తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ కాలిఫోర్నియాలో, శాన్‌ఫ్రాన్సిస్కో బడులు 2014లో ఎనిమిదో తరగతి ఆల్జీబ్రా ఎత్తేసి అందరికీ తొమ్మిదిలోనే అన్నాయి. స్తోమత ఉన్న తల్లిదండ్రులు బయట డబ్బు కట్టి ఆ కోర్సు చదివించారు, లేనివాళ్లు ఆగిపోయారు. 2024లో దాన్ని మళ్లీ తేవాల్సి వచ్చింది. మన దగ్గర పరిస్థితి ఈ రెండింటికంటే ముదిరింది. లెక్కలున్న గ్రూపులో చేరని పల్లెపిల్లకు ఈరోజు చిన్న గణితం కూడా లేదు, దక్కేది సున్నా. చిన్నది వస్తే ఆమె కొంత పొందుతుందే తప్ప ఏదీ పోగొట్టుకోదు. ఒక్క షరతు: పెద్ద గణితం ఉన్న కాలేజీలో దాన్ని తీసేసి చిన్నది పెట్టకూడదు. బైపీసీ, సీఈసీ, హెచ్ఈసీ గ్రూపులకు అదనంగానే రావాలి. ఎంఈసీ వాళ్లకు రెండింట్లో ఏది కావాలో తేల్చుకునే వీలుండాలి. చిన్నది చదివినవాళ్లు తర్వాత మనసు మార్చుకుంటే పెద్ద పరీక్ష రాసే దారి కూడా తెరిచి ఉంచాలి. సీబీఎస్‌ఈ బేసిక్ రాసినవాళ్లు తర్వాత స్టాండర్డ్ రాసుకునే వీలు ఇచ్చింది, మన బోర్డూ ఇవ్వగలదు.

2025-26లో వచ్చిన ఎంబైపీసీతో ఈ లోటు తీరిపోయిందనేవాళ్లు ఉన్నారు. జీవశాస్త్రం, గణితం రెండూ చదివే అవకాశం మంచిదే. బయోటెక్నాలజీ, బయోమెడికల్ వైపు చూసేవాళ్లకు పనికొస్తుంది. కాకపోతే అది బరువు మీద బరువు. రెండు ప్రవేశ పరీక్షల ఆశతో రెండు పడవల్లో కాళ్లు పెట్టే పిల్లల్ని అది ఇంకా పెంచవచ్చు. లెక్కలంటే వెనకాడే పిల్లకు కావాల్సింది ఇంజినీరింగ్ గణితాన్ని నెత్తిన అదనంగా పెట్టుకోవడం కాదు. కొత్త సబ్జెక్టు చెప్పడానికి లెక్చరర్లెక్కడ అని కూడా అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం అంత కష్టం కాదు. ఎంపీసీ ఉన్న ప్రతి కాలేజీలో గణిత లెక్చరర్ ఉంటారు. వారానికి మూడు నాలుగు పీరియడ్లు కలపడం బోర్డు సమయపట్టిక పని. ఎంపీసీయే లేని చిన్న కాలేజీలకు కొత్త పోస్టు కావాలి, అది ఖర్చే. ఆ ఖర్చు పెట్టకుండా ఈ మాటంతా మాట్లాడటం దండగ.

బోర్డు ఎప్పుడు కదులుతుందో కానీ, ఈ వేసవిలో నిర్ణయం తీసుకోవాల్సిన ఇళ్లు ఆగవు కదా. అక్కడ ఎక్కువగా నడిచే తర్కం: ఎంపీసీ తీసుకుంటే అన్ని తలుపులూ తెరిచే ఉంటాయి, తర్వాత ఏదైనా చేసుకోవచ్చు. కాగితం మీద ఇది చాలావరకు నిజమే. ఎంపీసీ చదివినవాళ్లు ఇంజినీరింగ్, బీఫార్మసీ, డిగ్రీ, న్యాయశాస్త్రం, సీఏ వైపు వెళ్లవచ్చు. మూసుకుపోయేది ప్రధానంగా వైద్యం, దాని అనుబంధ కోర్సులు. బైపీసీ నుంచి ఇంజినీరింగ్‌కు మళ్లడం దాదాపు కుదరదు. అయినా ఈ తర్కంలో ఒక మెలిక ఉంది. లెక్కల్లో ఫెయిలైతే తెరిచి ఉన్న తలుపులన్నీ ఒకేసారి మూసుకుంటాయి. బొటాబొటీగా పాసైనవాళ్లు ఎక్కడో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో సీటు తెచ్చుకుని, అక్కడ మొదటి ఏడాది గణితం దగ్గర మళ్లీ నిలబడిపోతారు. ఎన్ని తలుపులున్నాయన్నది కాదు, పిల్ల ఏ తలుపు గుండా నడవగలదన్నదే చూడాల్సింది.

దానికి పదో తరగతి మార్కు ఒక్కటే కొలత కాదు. పదిలో 95 తెచ్చుకున్నవాళ్లు ఇంటర్ మొదటి యూనిట్ టెస్టులోనే బెదిరిపోవడానికి కారణం ఉంది. పదో తరగతిలో అలవాటైన నమూనా లెక్కలతో చాలా దూరం రావచ్చు; ఇంటర్ గణితం సమితి, ప్రమేయం అంటే ఏమిటన్న భావనలతో మొదలై, వెంటనే నిరూపణ అడుగుతుంది. కాబట్టి మొత్తం మార్కు కంటే, త్రికోణమితి సర్వసమీకరణాలు, రేఖాగణితం నిరూపణలు పిల్ల సొంతంగా రాసిందా, బట్టీ పట్టిందా అన్నది చూడాలి. ఇది బడిలో లెక్కల మాస్టారికి తెలుస్తుంది, అడిగితే చెబుతారు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. మే నెలలో అందులో మొదటి రెండు అధ్యాయాలు, సమితులు, ప్రమేయాలు, ఎవరి సాయం లేకుండా చదివి లెక్కలు చేయమనండి. రెండు వారాల్లో అర్థం కాకపోయినా కూర్చోబుద్ధి అవుతోందంటే ఎంపీసీకి భయపడక్కర్లేదు. కూర్చోబుద్ధే కావడం లేదంటే ఇరవై వేల రూపాయల డిస్కౌంటు చూపించే హాస్టల్ కాలేజీ దాన్ని మార్చలేదు. బైపీసీనో, సీఈసీనో ఎంచుకున్న ఇంట్లో వేరే పని ఉంది. లెక్కలు లేవు కదా అని వదిలేయకుండా, అదే పుస్తకంలో సాంఖ్యకశాస్త్రం, సంభావ్యత అధ్యాయాలు రెండేళ్లలో ఎప్పుడో ఒకప్పుడు పూర్తిచేయించాలి. బైపీసీ అయితే వాటికంటే ముందు, ఫిజిక్స్ మొదలవకముందే త్రికోణమితి, సదిశలు, అవకలనం ప్రాథమికాలు. ఆత్మకూరులోనైనా, నెల్లూరులోనైనా బైపీసీ అడ్మిషన్ రాసే ముందు ప్రిన్సిపాల్‌ను అడగాల్సిన ప్రశ్న ఇదే: ఫిజిక్స్‌కు కావాల్సిన లెక్కలు ఎవరు చెబుతారు, వారానికి ఎన్ని పీరియడ్లు?