మీకు తెలుసా? నూనె చెప్పే ఫ్రయ్యర్ జబ్బులు

మిర్యాలగూడ అంటే రైసు మిల్లులు, ఉప్పుడు బియ్యం, బారులు తీరిన ధాన్యం లారీలు. 1967లో నాగార్జునసాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, కోదాడ, సూర్యాపేట పక్కల వరి పరుచుకుంది. వరి వెనకే మిల్లులొచ్చాయి. బియ్యం గురించి అందరూ మాట్లాడతారు కాబట్టి ఇక్కడ తవుడు గురించి, అందులోంచి తీసే నూనె గురించి, ఆ నూనె కాగే పెద్ద ఫ్రయ్యర్ల గురించి చెప్పుకుందాం. స్వీటు షాపు వెనక వంటశాలైనా, మిక్చర్ ప్యాకెట్ల ఫ్యాక్టరీ అయినా, యంత్రానికి జబ్బు చేస్తే చాలాసార్లు అది ముందు నూనెలోనే బయటపడుతుంది.

తవుడుకు ఆయుష్షు గంటల లెక్కేనని తెలుసా? గింజలో ఉన్నంతసేపు నూనె ఒకచోట, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ అనే ఎంజైము మరోచోట ఉంటాయి. పాలిష్ పట్టగానే రెండూ కలుస్తాయి. అక్కణ్నుంచి నూనెలో ఆమ్లం పెరుగుతూనే ఉంటుంది. వెంటనే ఆవిరి పట్టి ఎంజైమును చంపాలి, లేదంటే ఆలస్యం లేకుండా నూనె తీసే సాల్వెంట్ ప్లాంటుకు తోలాలి. ఉప్పుడు బియ్యం పట్టే మిల్లులకు ఈ తంటా తక్కువ. వడ్లు ఉడికినప్పుడే ఎంజైము పనీ అయిపోతుంది. పైగా ఆ తవుడులో నూనె పాలు కూడా ఎక్కువ. బాగా శుద్ధి చేసిన తవుడు నూనె దాదాపు 230 డిగ్రీల దాకా పొగ రాదు. వేపుడుకు 170 నుంచి 190 చాలు. ఆమ్లం మిగిలిపోయిన నూనె మాత్రం అంతకు ముందే పొగ చిమ్ముతుంది.

గొట్టానికి పడ్డ చిన్న రంధ్రం ఒక దేశం చట్టాన్నే మార్చిందని తెలుసా? 1968లో పశ్చిమ జపాన్‌లో మొదట కోళ్లు లక్షల్లో చచ్చాయి. వాటి దాణాలో తవుడు నూనె ప్లాంటు నుంచి వచ్చిన ఉప ఉత్పత్తి కలిసింది. ఆ సూచన ఎవరికీ పట్టలేదు. కొన్ని నెలలకు మనుషుల ఒంటిమీద నల్లటి మొటిమలు లేచాయి, గోళ్లు నల్లబడ్డాయి, కళ్లు పుసులు కట్టాయి. ఆరా తీస్తే అందరి వంటింట్లోనూ ఒకే కంపెనీ తవుడు నూనె. నూనెలో వాసన తీసేందుకు దాన్ని వేడి చేసే గొట్టాల్లో పీసీబీ అనే ద్రవం తిరిగేది. అది కారి నూనెలో కలిసింది. రంధ్రం తుప్పుకు పడిందా, మరమ్మతు పనిలో పడిందా అన్న వాదన కోర్టుల దాకా వెళ్లింది. ఆ జబ్బుకు యూషో అని పేరు పెట్టారు. 1973లో జపాన్ రసాయనాల మీద కొత్త చట్టం తెచ్చింది. అయినా 1979లో తైవాన్‌లో మళ్లీ అదే తవుడు నూనె, అదే పీసీబీ, దాదాపు రెండు వేల మంది బాధితులు.

పీసీబీల కాలం పోయింది. కానీ పెద్ద ఫ్రయ్యర్లను థర్మిక్ ఫ్లూయిడ్ అనే వేడి మోసే ద్రవంతో వేడి చేసే పద్ధతి ఇప్పటికీ ఉంది. ఊక మండించి ఆ ద్రవాన్ని కాచే హీటర్లూ ఉన్నాయి. అలాంటిచోట రోజూ చూడాల్సింది పైనున్న ఎక్స్‌పాన్షన్ ట్యాంకు. బయట ఎక్కడా చుక్క కారకుండా అందులో మట్టం తగ్గుతోందంటే ఆ ద్రవం ఎటు పోతున్నట్టు? ఫ్రయ్యర్‌లోకే కావచ్చు. తక్కువైంది కదా అని డబ్బా తెచ్చి నింపేసి ఊరుకునే ఆపరేటరు కంటే పని ఆపించి గొడవ పెట్టుకునే ఆపరేటరే నయం.

నురగను చదవొచ్చు. పచ్చి పిండి పడగానే లేచే పెద్ద బుడగలు నీటి ఆవిరివి, టపటపా పగిలిపోతాయి. సన్నగా, తెల్లగా, పగలకుండా అంచు దాకా పాకే నురగ వేరు. నూనె పాతబడితే అలా వస్తుంది. కొత్త నూనె పోసినా వస్తోందా? అయితే నిన్న రాత్రి కాస్టిక్ సోడాతో తొట్టి కడిగినవాళ్లను పిలవాలి. క్షారం సరిగా పోకపోతే నూనెతో కలిసి సబ్బవుతుంది. మంచినీళ్లతో రెండు మూడుసార్లు కడిగి, కాస్త వెనిగర్ నీళ్లు తిప్పి, పొడిగా తుడవడమే దీనికి మందు.

ఇత్తడి వాల్వ్ నూనెకు శత్రువు. రాగి కొద్దిగా తగిలినా నూనె పాడవడం జోరందుకుంటుంది. తొట్టి మొత్తం స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించి, అడుగున నూనె వదిలే చోట చవగ్గా దొరికిందని ఇత్తడి బిగిస్తే, నూనె త్వరగా ఎందుకు నల్లబడుతోందో చాలాకాలం అంతుపట్టదు.

మీటరు 180 చూపిస్తున్నా మురుకులు మాడుతున్నాయా? థర్మోస్టాట్ బల్బు మీద నూనె జిగురు గట్టిగా పేరుకుంటే వేడి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. అది తెలుసుకునేలోపు నూనె హద్దు దాటిపోతుంది. వేరే థర్మామీటరు ముంచి పోల్చాకే థర్మోస్టాట్‌ను తప్పుపట్టాలి.

గ్యాస్ ఫ్రయ్యర్‌లో పైలట్ మంట పక్కన ఉండే థర్మోకపుల్‌కు బ్యాటరీ లేదు. మంట వేడికి అందులో పుట్టేది 20, 30 మిల్లీవోల్టులే. ఆ కాస్త కరెంటే వాల్వ్‌ను తెరిచి ఉంచుతుంది. మంట ఆరితే కాసేపట్లో గ్యాస్ తనంతట తానే ఆగుతుంది. మీట వదలగానే పైలట్ ఆరిపోతుంటే, కొత్త వాల్వ్ కొనకముందు ఆ కడ్డీ కొన మీది మసి తుడిచి చూడండి.

మన దేశంలో వేపుడు నూనెలో, అది పాడయ్యేకొద్దీ పెరిగే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఇక వాడకూడదన్న నిబంధన 2018 జులై 1 నుంచి అమల్లో ఉంది. చేత్తో పట్టుకునే మీటరు నూనెలో ముంచితే అంకె కనిపిస్తుంది. రోజుకు 50 లీటర్లకు మించి వాడేవాళ్లు లెక్కలు రాసిపెట్టాలి. వాడేసిన నూనెను బయోడీజిల్ తయారీకి ఇవ్వొచ్చు. కమురు వాసన వచ్చేదాకా ఆగే అలవాటుకు ఆ మీటరు మంచి విరుగుడు.

ఇంకొకటి. నూనె ఎక్కువగా లోపలికి ఇంకేది వేగుతున్నప్పుడు కాదు, వాయి తీశాక. వేగేటప్పుడు ఆవిరి బయటికి తోస్తూ నూనెను రానివ్వదు. చల్లారగానే లోపలి ఆవిరి నీరై ఖాళీ ఏర్పడి, పైన అంటిన నూనెను పీల్చుకుంటుంది. జల్లెడ మీద వెంటనే కుదిపితే నూనె ఖర్చు తగ్గుతుంది.

మంట లేకుండానే నిప్పు రాజుకుంటుందని తెలుసా? ఫ్రయ్యర్ అడుగు నుంచి దేవిన వేడి బూందీ పలుకులు, మడ్డి, ఒకే డబ్బాలో కుప్పగా పోస్తే లోపలి నూనె గాలితో కలిసి వేడి పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు. షట్టరు వేసి వెళ్లిన కొన్ని గంటలకు పొగ లేస్తుంది. టెంపురా పలుకుల వల్ల ఇలా జరిగిన ప్రమాదాల గురించి జపాన్ అగ్నిమాపక శాఖలు హెచ్చరిస్తుంటాయి. పలుకుల్ని పళ్లెంలో పలుచగా పరిచి, పూర్తిగా చల్లార్చి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి బయట పెట్టాలి. కాగే నూనెకు నిప్పంటుకుంటే మాత్రం నీళ్ల జోలికి పోవద్దు. చెంబెడు నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బి, మండే నూనెను కప్పు దాకా ఎగజిమ్ముతాయి. గ్యాస్ కట్టేసి, మూత వేసి, వంట నూనె మంటల కోసం చేసిన వెట్ కెమికల్ సిలిండర్ వాడాలి. అందులోని పొటాషియం లవణం నూనె పైపొరను సబ్బు నురగలా మార్చి గాలి అందకుండా చేస్తుంది. తొట్టి కడిగినప్పుడు తలనొప్పి తెచ్చిన ఆ సబ్బు రసాయనమే ఇక్కడ మంట ఆర్పుతుంది.