చోటు తప్పిన సూక్ష్మజీవి

కిందటేడు పరీక్షలు వారం ఉన్నాయనగా హాస్టల్లో నా రూమ్మేటుకు చలిజ్వరం పట్టుకుంది. నడుముకి ఒక పక్కన విపరీతమైన నొప్పి, వాంతులు. మలేరియా అనుకున్నాం. మూత్రం కల్చర్ చేయించి, "ఈ. కోలై. కిడ్నీ దాకా పాకింది" అన్నారు డాక్టరుగారు. మైక్రోబయాలజీ చదువుతున్న నాకే సందేహం వచ్చింది. పేగులో ఉండవలసిన బాక్టీరియాకి కిడ్నీలో ఏం పని?

ఈ జీవిని 1885లో థియోడర్ ఎషరిష్ అనే శిశువైద్యుడు పసిపిల్లల మలంలో గుర్తించి వర్ణించాడు. తరువాత ఆయన పేరే దానికి స్థిరపడింది. దీని సాధారణ రకాలు మనందరి పేగుల్లోనూ కాపురముంటాయి. అక్కడున్నంతకాలం హాని చేయవు సరికదా, కొంత విటమిన్ కె కూడా తయారుచేస్తాయి.

పేగు లోపలి పొర ఒకే ఒక్క వరుస కణాలతో ఏర్పడింది. దానిపై జిగట పొర, కణాల నడుమ బిగువైన అతుకులు ఉంటాయి. ఒకటీ అరా క్రిమి దాటినా, లింఫ్ గ్రంథులు, కాలేయంలోని కుఫర్ కణాలు పట్టి మింగేస్తాయి. అపెండిక్స్ చిల్లిపడినప్పుడో, పేగుకు రక్తం సరిగా అందనప్పుడో ఈ కాపలా సడలి, క్రిములు కడుపులోని ఖాళీలోకో రక్తంలోకో చొరబడతాయి.

మా అమ్మాయి విషయంలో గోడ పగలలేదు. క్రిమి వాకిలి గుండానే బయటికొచ్చి పక్కింట్లో దూరింది! మలంతో వెలువడి, చర్మం మీదుగా మూత్రద్వారం చేరింది. అక్కడినుంచి మూత్రాశయానికి దారి స్త్రీలలో సుమారు 4 సెంటీమీటర్లే. పురుషులలో సుమారు 20. అందుకే ఈ బాధ ఆడవారికెక్కువ. క్రిమి ఒంటిమీది సన్నని నూగు మూత్రాశయపు గోడను పట్టుకుంటుంది. మూత్రం ధారగా పోతుంటే చాలావరకు కొట్టుకుపోతాయి. గంటల తరబడి బిగబడితే నిలవున్న మూత్రంలో పెరిగిపోతాయి. ఆపైన మూత్రవాహికల వెంట కిడ్నీకి, అక్కడినుంచి రక్తంలోకి. అంతదాకా పోతే ప్రాణాపాయమే.

"నీళ్లు సరిగా తాగవా?" అని అడిగాను.

"కాలేజీలో ఉన్నంతసేపూ తాగనే. తాగితే వెళ్లాలిగా! ఆ బాత్రూములోకి ఎవరు పోతారు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నేనూ తాగను గనుక.

మందులతో తేరుకుంది గాని రెండు పేపర్లు పోయాయి. చెల్లెళ్లకు చెప్పేదొకటే: నీళ్లు తాగండి, బిగబట్టకండి, కడుక్కునేటప్పుడు ముందునుంచి వెనక్కే కడుక్కోండి. మంట, జ్వరం వస్తే సిగ్గుపడక డాక్టరుకు చెప్పండి. మందు మధ్యలో మానకండి.

అయితే తాగమని చెప్పి, వెళ్లడానికి చోటు చూపకపోతే ఈ వ్యాసం వ్యర్థం. యూనియన్ వారికి, లెక్చరర్లకు, కాలేజీకి ఏదైనా కానుక ఇవ్వదలచిన పూర్వ విద్యార్థులకు నా మనవి: ఆడపిల్లల బాత్రూముకి నిండా నీళ్లు, తలుపుకి లోపలి గడియ ఇప్పించండి. ఈ. కోలైకి అంతకుమించిన ఆనకట్ట లేదు.